పాత యింటి వెచ్చని జాలీలు

రిజిస్టరు అనగానే మనకు బడిలోని హాజరుపట్టీయో, కచేరీలోని చిట్టా పుస్తకమో స్ఫురించును. అమెరికా దేశమున పాత యిండ్లలో నివసించువారికి ఆ మాటతో మరియొక వస్తువు గూడ జ్ఞప్తికి వచ్చును. అది నేలలోనో గోడలోనో బిగించిన ఇనుప జాలీ. చలికాలమున నేలమాళిగలోని కొలిమి నుండి వేడిగాలి దాని గుండ గదిలోనికి వచ్చును. జాలీ వెనుక రెక్కలుండి, చిన్న మీటతో వానిని మూయుటకు, తెరచుటకు వీలున్నచో అది రిజిస్టరు. రెక్కలు లేనిచో వట్టి గ్రిల్లు.

19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదట కట్టిన యిండ్లలో అనేకము బొగ్గు కొలిమితో వెచ్చబడెడివి. వానిలో గాలిని నెట్టు పంకా లేదు. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. చల్లని గాలి బరువై క్రిందికి దిగును. ఆ రాకపోకలే ఇంటిని వెచ్చపరచెడివి. ఈ బలము మిక్కిలి స్వల్పము. కావుననే ఆనాటి గొట్టములు లావుగను, జాలీలు వెడల్పుగను ఉండెడివి. పోత ఇనుముతో తీగలు, పూవులు, చతురస్రముల అల్లికలు పోసి, నల్లని జపాను వార్నీషునో, నికెలు పూతనో, కంచు పూతనో వానికి పెట్టెడివారు.

తరువాత వచ్చిన యజమానులు గోడకు రంగు వేసినప్పుడెల్ల జాలీకి గూడ ఒక పూత పూసిరి. పూత మీద పూత చేరి పూవులు మరుగుపడినవి. మీటలు కదలకుండ అంటుకొనిపోయినవి. కొంప కూడ చల్లబడినది. ఎట్లనగా, ఒక కన్నము నిడివి వెడల్పులు ఆరేసి మిల్లీమీటర్లు అనుకొందము. నాలుగు అంచులను అర మిల్లీమీటరు మందమున రంగు పేరుకొనినచో అది ఐదేసి మిల్లీమీటర్లగును. 36 పాళ్ల దారి 25 పాళ్లకు తగ్గినది. అనగా గాలి పోవు త్రోవలో మూడవ వంతునకు దగ్గరగా మూతపడినది.

కొన్నియేండ్ల క్రిందట ఒహాయో రాష్ట్రమున మా మేనకోడలు ఇట్టి పాత యిల్లు కొన్నది. చూడబోయిన నేను ఊరకుండలేక, ఒక జాలీ ఊడదీసి, గరుకు కాగితముతో రుద్దుటకు కూర్చుంటిని. ప్రక్కనే ఆమె బిడ్డ ప్రాకుచున్నాడు. "మామయ్యా, ఆగండి! ఆ రంగులో సీసముందేమో మనం చూడనే లేదు" అని ఆమె నా చేయి పట్టుకొన్నది. రంగు పెచ్చును పరీక్షాశాలకు పంపగా, సీసము కలదని జవాబు వచ్చినది. ఆనాడు నాకు సిగ్గును, భయమును ఒక్కసారిగా కలిగినవి.

అమెరికాలో ఇండ్లకు సీసపు రంగులు వేయుట 1978లో నిషేధింపబడినది. అంతకు పూర్వపు ఇంట పాత రంగు కనబడినచో సీసము కలదనియే తలచి మెలగుట క్షేమము. పొడిగా గీకినచో లేచు ధూళి నేలమీద పడును. పసివారు చేతులు నోట పెట్టుకొందురు. సీసము వారి మెదడు ఎదుగుదలను చెరచును. పిల్లలకు ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదియు లేదు. కనుక పొడిగా రుద్దరాదు, మంటతో కాల్చరాదు, పని ముగియువరకు పసివారును, గర్భిణులును ఆ చాయలకు రారాదు. అనుమానమున్నచో బిడ్డకు రక్తపరీక్ష చేయించవలెను.

ఇక పని యెట్లు చేయవలెనో చెప్పెదను. ముందు కొలిమిని ఆపవలెను. జాలీ అంచుల రంగును నీటితో తడిపి, కత్తితో గీటు పెట్టి, మరలు విప్పవలెను. పెళ్లగించరాదు, పోత ఇనుము పెళుసైనది, పగులును. జాలీ తీసిన కన్నము మీద వెంటనే పలక కప్పవలెను. లేనిచో ఎవరి కాలైన అందు పడును. గొట్టపు అతుకుల వద్ద తెల్లని కాగితపు పట్టీ కనబడినచో అది ఆస్బెస్టాసు కావచ్చును. దానిని కదపక, తెలిసినవారిని పిలువవలెను.

తరువాత అయస్కాంతము పెట్టి చూడవలెను. అంటుకొననిచో ఇత్తడియో అల్యూమినియమో కావచ్చును. అల్యూమినియమును క్షారములు తినివేయును. అంటుకొన్నను తొందరపడరాదు; ఇనుము మీద పలుచని నికెలు పూత ఉండవచ్చును, తీగ కుంచెతో తోమినచో అది పోవును.

ఇనుప జాలీని, వంటకు మరెన్నడును వాడని పాత విద్యుత్ పాత్రలో నీట ముంచి, ఆరుబయట, మరుగు రాకుండ ఒక రాత్రి వేడిచేయవలెను. రంగు మెత్తబడును, లోహమును రంగును సమానముగ వ్యాకోచింపవు గనుక పట్టు వదలును. చేతి తొడుగులతో, తడిగా నున్నప్పుడే, నైలాను కుంచెతో తోమినచో పొరలు పొరలుగ ఊడివచ్చును. ఆ నీటిని, పెచ్చులను పెరటిలో పారబోయక, హానికర వ్యర్థములను స్వీకరించు స్థలమునకు చేర్చవలెను. రంగు కరగించు మందులలో మిథిలీన్ క్లోరైడు గలవానిని గృహస్థులకు అమ్ముట 2019లో అచట నిషేధించిరి. దాని ఆవిరి మూసిన గదులలో ప్రాణములు తీసినది. పాత డబ్బా అటకమీద దొరికినను ముట్టరాదు.

కడిగిన ఇనుము ఘడియలో త్రుప్పు పట్టును. వెంటనే తుడిచి, వేడిగాలితో ఆరబెట్టి, త్రుప్పును ఆపు మొదటి పూతయు, దానిపై లోహపు రంగును పలుచగా వేయవలెను. నికెలు పూత బయటపడినచో మైనము రుద్దిన చాలును. రంగు బాగుగ గట్టిపడిన పిమ్మటనే బిగించవలెను. లేనిచో మొదటి వేడికే ఇల్లంతయు వాసన కొట్టును.

మా మేనకోడలి ఇంట ఒక్కొక్క జాలీకి రెండు మూడు దినములు పట్టినది. తెల్లని పొరల క్రింద నుండి ద్రాక్షతీగ బయటపడినది, మీట కదలినది. ఆ చలికాలమున బిడ్డ ఆ జాలీ ప్రక్కనే కూర్చుండి ఆడుకొనుచున్నాడని ఆమె వ్రాసినది. పాత వస్తువును బాగుచేయుట మంచిదే. పసివానిని ఎడముగ నుంచి చేయుట అంతకన్న ముఖ్యము.