పాత పైకప్పు విప్పే ముందు: శిథిలాల తరలింపు, ట్రాలీ కిరాయి విషయంలో సంఘాలు గమనించవలసినవి

మన పాల సంఘాల భవనాలు అనేకం బెంగుళూరు పెంకులతోగాని, సిమెంటు రేకులతోగాని కప్పినవి. ములుగు జిల్లాలో వాన తీవ్రత అందరికీ తెలిసినదే. 2023 జూలైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. కాబట్టి కారుతున్న కప్పును మార్చే పని వేసవిలోనే ముగించుకొనవలెను.

కొత్త కప్పుకు అంచనా వేసేటప్పుడు రేకులు, ఇనుము, మేస్త్రీ కూలి లెక్కకు వచ్చును గాని, పాత కప్పును ఎక్కడికి, ఎట్లా తరలించాలో తరచు లెక్కకు రాదు. చివరకు ఆ శిథిలాలు చెరువు కట్టమీదికో, పశువుల బీడులోకో చేరును.

అమెరికాలో ఈ పనికి ఇంటి ముందు పెద్ద ఇనుప తొట్టెను అద్దెకు దింపించుకొందురు. దానిని డంప్‌స్టర్ అందురు. 1930లలో టెనెస్సీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో డెంప్‌స్టర్ సోదరుల కంపెనీ దీనిని రూపొందించినందున ఆ పేరు వచ్చినది. మనకు ఆ స్థానంలో ఉన్నది ట్రాక్టరు ట్రాలీ. రెండింటికీ సూత్రం ఒక్కటే: ఎంత బరువు, ఎన్ని ట్రిప్పులు, ఎక్కడ దింపుట అన్నది ముందే తేల్చుకొనవలెను.

బరువు లెక్క

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల గదికి వాలు, చూరు కలుపుకొని కప్పు సుమారు 70 చదరపు మీటర్లు ఉండును. బెంగుళూరు పెంకులైతే చదరపు మీటరుకు 15 చొప్పున 1,050 పెంకులు. ఒక్కొక్కటి రెండున్నర కిలోలు అనుకొన్నా మొత్తం 2,600 కిలోల పైమాటే. సిమెంటు రేకులైతే చదరపు మీటరుకు సుమారు 14 కిలోల చొప్పున ఒక టన్ను, అతుకుల మీద మరి కొంత.

ఇటుక, మట్టి పెళ్ళల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 100 ఘనపుటడుగుల ట్రాలీని పెళ్ళలతో అంచువరకు నింపితే దాదాపు 4 టన్నులు తూగును. ట్రాలీ సామర్థ్యం 3 టన్నులే అయితే ముప్పాతిక వరకే నింపవలెను. మన పాలంపేట రామప్ప గుడి శిఖరానికి నీటిపై తేలే తేలిక ఇటుకలు వాడిన శిల్పులకు బరువు విలువ తెలియును. ఇరుసు విరిగిన తరువాత మనం తెలుసుకొనుట తగదు.

కిరాయి ఒప్పందం

1. ట్రిప్పు లెక్క అయితే ట్రాలీ కొలతలు, ఎంతవరకు నింపాలో కాగితం మీద వ్రాసుకొనవలెను. లేనియెడల సగం ట్రాలీ కూడ ఒక ట్రిప్పు అగును.

2. రోజు లెక్క అయితే కప్పు విప్పి, శిథిలాలను వేరు చేసి కుప్ప పోసిన తరువాతనే ట్రాక్టరును పిలువవలెను. కూలీలు కప్పు మీద ఉండగా ట్రాక్టరు కింద నిలబడితే ఆ కిరాయి సంఘానికి దండుగ.

3. ఎత్తుడు కూలి, దింపుడు కూలి, డీజిలు ఎవరివో ముందే తేల్చుకొనవలెను.

4. బండి బీమా కాగితం చూడవలెను. వ్యవసాయ పనికని బీమా చేసిన బండికి కిరాయి పనిలో ప్రమాదం జరిగితే పరిహారం వద్ద చిక్కులు రావచ్చును. లోడు మీద కూలీలను ఎక్కించరాదు.

సిమెంటు రేకుల ప్రమాదం

పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ అనే రాతి నార ఉండును. రేకు చెక్కుచెదరనంత కాలం ప్రమాదం తక్కువ. పగులగొట్టినా, కోసినా, కంటికి కనిపించని నార గాలిలోకి లేచి ఊపిరితిత్తులలో చేరును. ఇది క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. జబ్బు పది, ఇరవై సంవత్సరాలు దాటిన తరువాత కూడ బయటపడవచ్చును. అందుచేత ఎవరూ దీనిని వెంటనే గుర్తించరు.

కావున రేకులను ముందుగా నీటితో తడిపి, బోల్టులు విప్పి, తాళ్ళతో నిదానంగా దింపవలెను. పైనుండి విసరరాదు. పాత రేకు మనిషి బరువుకు విరుగును గనుక పలకలు వేసి వాటి మీదనే నడువవలెను. ముఖానికి తువ్వాలు చాలదు, సన్నని దుమ్మును ఆపే మాస్కు కావలెను. ముక్కలను మందపు పాలిథిన్ పట్టాలో చుట్టి, వేరే ట్రిప్పుగా పంపవలెను. గుంతలు పూడ్చుటకు, బాట వేయుటకు వీటిని వాడరాదు. ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం వారిని ముందే అడుగవలెను.

పాలు, పశువులు

కప్పు విప్పే రోజులలో పాల సేకరణను వేరొక చోటికి మార్చవలెను. క్యాన్లు, పరీక్ష సామాను, దాణా బస్తాలు ఆ గదిలో ఉంచరాదు.

మేకులు, తీగ ముక్కలు బీడులో పడితే పశువు వాటిని గడ్డితోపాటు మింగును. అవి రెండవ పొట్టలో నిలిచి, పొట్టగోడను పొడుచుకొని గుండె వరకు పోవచ్చును. ముందుగా మేత మాని, పాలు తగ్గి, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడును. రోగం ముదిరితే పశువు దక్కుట కష్టం. కాబట్టి ఇనుమును డబ్బాలో వేరు చేసి, పని ముగిసిన స్థలంలో అయస్కాంతం తిప్పి చూడవలెను.

లెక్కలు, తీర్మానం

కట్టడాల శిథిలాలను వేరు చేయాలని, రోడ్ల మీద, కాలువలలో వేయరాదని కేంద్రప్రభుత్వం 2016లో నియమాలు చేసినది. వాటి స్థానంలో 2025లో కొత్త నియమాలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించినది. దింపే స్థలానికి పంచాయతీ నుండి వ్రాతపూర్వకంగా అనుమతి పొందవలెను.

సంఘం 1964 చట్టం కింద నమోదైనా, 1995 చట్టం కింద నమోదైనా, పాత పెంకులు, దూలాలు, వాసాలు సంఘం ఆస్తియే. పనివారు కూలి కింద పట్టుకొనిపోయిరన్న సమాధానం ఆడిటులో నిలువదు. వాటిని లెక్కపెట్టి, రిజిస్టరులో వ్రాసి, తీర్మానం మీద వేలం వేసి, సొమ్మును జమ కట్టవలెను. చాల సందర్భాలలో మంచి పెంకుల వేలం సొమ్ము ట్రాలీ కిరాయికి అక్కరకు వచ్చును. ప్రతి ట్రిప్పుకు తేదీ, బండి నంబరు, దింపిన చోటు వ్రాసిన చీటీపై కార్యదర్శి సంతకం ఉండవలెను. ఆ చీటీలే ఓచరుకు ఆధారం.

కావున కప్పు మార్చదలచిన సంఘాలు కొత్త రేకుల కొటేషన్లతోపాటే శిథిలాల తరలింపు కొటేషన్లను కూడ కమిటీ ముందు పెట్టి, రెండింటికి కలిపి అంచనా ఆమోదించుకొనవలెను. శిథిలాలు దింపే స్థలం ఖాయం కానిదే ఒక్క పెంకు కూడ తీయించరాదు.