ఈ-మెయిలునకు రెండు మీటలు

తిరుమలలో దర్శనపు టిక్కెట్టుకును, వసతిగదికిని ఇంటినుండియే సొమ్ము చెల్లించు సదుపాయము ఏర్పడి చాలకాలమైనది. సదుపాయమున్నచోట దానిని అనుకరించు మోసము గూడ పుట్టును. 2023వ సంవత్సరమున తిరుమల తిరుపతి దేవస్థానమువారు తమ పేరుతో నడుచుచున్న నకిలీ వెబ్‌సైటుపై పోలీసులకు ఫిర్యాదు చేసిరి. అప్పటికి అట్టివి నలుబదికి పైగా బయటపడినవి. నాటి అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ.ఏపీ.గవ్.ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్.ఆర్గ్’. చుక్కలుండవలసినచోట అడ్డగీతలున్నవి. దూరప్రయాణమునకు సిద్ధమగుచున్న కుటుంబము ఆ భేదమును గుర్తింపకపోవుటలో వింత యేమి?

ఇట్టి చిరునామాను కుడివైపునుండి ఎడమకు చదువవలెను. ‘గవ్.ఇన్’ అనునది భారతదేశమున ప్రభుత్వసంబంధమైన సంస్థలకే ఇయ్యబడును. ‘ఆర్గ్’ అను కొసగల పేరును ఎవరైనను కొనవచ్చును. అడ్డగీతలతో కలిపిన పేరంతయు ఒకే మాట. అందులోని ‘గవ్’ ఉత్త అలంకారము. 2024 జనవరిలో దేవస్థానమువారు తమ చిరునామాను ‘టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్’ అని మార్చిరి. మొదలు మారినది గాని కొస మారలేదు.

నకిలీ లంకెలు మనుష్యులను చేరు దారులలో ఈ-మెయిలు ఒకటి. కోరని జాబులను వేలకొలది మందికి ఒక్కసారిగా పంపుటను ‘స్పామ్’ అందురు. డబ్బాలలో అమ్ము ఒక మాంసపదార్థమునుండి ఈ పేరు వచ్చినది. 1978 మే 3వ తేదీన గ్యారీ థ్యూర్క్ అను అమెరికా ఉద్యోగి తన సంస్థవారి కంప్యూటర్ల ప్రకటనను ఆర్పానెట్‌పై సుమారు 400 మందికి పంపెను. ఇదియే మొదటి స్పామ్ అని చెప్పుదురు.

ఈ-మెయిలు చదువు సాధనమునకు తగిలించు చిన్న అనుబంధమును ‘యాడ్-ఇన్’ అందురు. అందు ఒక రకము, ‘ఫిర్యాదు’ మీట. కొన్ని సాధనములలో ఈ మీట ముందే అమర్చబడియుండును. దానిని నొక్కినప్పుడు జాబుతోబాటు దాని శీర్షభాగము గూడ మెయిలు నిర్వాహకునికి పోవును. ఏ యంత్రమునుండి బయలుదేరి, ఏ యే యంత్రముల మీదుగా వచ్చినదో తెలుపు ముద్రలు అందుండును. తపాలాకవరుపై తేదీముద్రల వంటివి. జాబును మామూలుగా మరియొకరికి పంపినచో ఈ ముద్రలు చాలవరకు రాలిపోవును. తుడిచివేసినచో ఇతరులకు ఏ మేలును లేదు.

ఫిర్యాదులనుండి యంత్రము సంభావ్యతను లెక్కించును. ‘వెంటనే చెల్లించండి’ అను మాట 100 స్పామ్ జాబులలో 80 యందును, 100 మంచిజాబులలో 4 యందును ఉన్నదనుకొందము. రెండు రకములును సమానముగా వచ్చుచున్నచో, ఆ మాటగల జాబు స్పామ్ అగుటకు సంభావ్యత 80/84, అనగా సుమారు నూటికి 95. కాని పాఠశాల ఫీజు నోటీసులోను ఆ మాట ఉండవచ్చును గదా! అందుచే అనేకమైన మాటలను, పంపినవారి చరిత్రను కలిపి తూచుదురు. నచ్చని జాబునెల్ల స్పామ్ అని నొక్కువారు ఈ త్రాసును పాడుచేయుచున్నారు.

రెండవ మీట గుప్తీకరణమునకు సంబంధించినది. ఇందు ప్రతివారికిని రెండు తాళపుచెవులుండును: ఒకటి అందరికిని ఇచ్చునది, రెండవది తనవద్దనే దాచుకొనునది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు కనుగొనిన పద్ధతిని తరగతిలోనే చేసి చూడవచ్చును. చిత్తూరులోని ఉపాధ్యాయుడు 3, 11 అను ప్రధానసంఖ్యలను గుణించి 33ను, దానితో 3 అను ఘాతమును ప్రకటించెను. తిరుపతిలోని విద్యార్థి 4ను రహస్యముగా పంపవలెను. 4 యొక్క ఘనము 64; 33చే భాగించగా శేషము 31. దానినే పంపును. ఉపాధ్యాయుని రహస్యఘాతము 7. 31ని 31తో గుణించి 33చే భాగించగా శేషము 4. కావున నాల్గవ ఘాతమునకు శేషము 16; ఆరవదానికి 4×16=64, అనగా 31; ఏడవదానికి మరల 4. జాబు తెరచుకొన్నది!

7 ఎట్లు వచ్చినది? (3−1)×(11−1)=20. 3×7=21ని 20చే భాగించగా శేషము 1. 33ను విడదీయగలవాడు 7ను కనుగొనగలడు. అందుచేతనే నిజవ్యవహారమున 617 అంకెల సంఖ్యలను వాడుదురు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ ‘పీజీపీ’ ద్వారా ఇట్టి విద్యను సామాన్యులకు అందించెను. థండర్‌బర్డ్ సాధనమునకు ‘ఎనిగ్‌మెయిల్’ అను అనుబంధము చాలకాలము ఈ పని చేసెను. 2020లో ఆ శక్తి థండర్‌బర్డ్‌లోనే చేర్చబడినది.

గుప్తీకరణము జాబులోని విషయమునే దాచును. పంపినదెవరు, అందినదెవరికి అనునవి బయటనే యుండును; విషయపంక్తి గూడ చాలసార్లు బయటనే యుండును. మోసగాడు గూడ తన జాబును గుప్తీకరింపగలడు. పైగా అట్టి జాబులోని మాటలను దారిలోని జల్లెడ చదువలేదు. విప్పి చూచినవాడే ఫిర్యాదు మీట నొక్కవలెను. పంపినవారు నిజముగా వారేనా అని తెలుపునది డిజిటల్ సంతకము. దానియందు తాళపుచెవుల పాత్రలు తలక్రిందులగును: రహస్యపుచెవితో సంతకము, బహిరంగపుచెవితో పరిశీలన.

సొమ్ము అప్పటికే చెల్లించినవారికి ఈ రెండు మీటలును చాలవు. వారు 1930 నంబరునకు ఆలస్యము చేయక టెలిఫోను చేయవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు జారిపోకముందు దానిని నిలుపుటకు బ్యాంకులకు అప్పుడే వీలుండును.