మరణ పత్రమున కానరాని కారణములు

నలువది అయిదేండ్లకే ఒక గృహస్థుడు కన్నుమూసినచో, మరణ పత్రములో గుండెపోటు అనియో, కాలేయ వ్యాధి అనియో, ఊపిరితిత్తుల క్యాన్సరు అనియో వైద్యుడు వ్రాయును. అది సత్యమే. కాని ఆ వ్యాధి ఎట్లు వచ్చినది? ఇరువది సంవత్సరములు కాల్చిన చుట్టలు, ప్రతి సాయంకాలము త్రాగిన మద్యము ఆ పత్రములో సాధారణముగా కానరావు. వ్యాధికి వెనుకనున్న ఈ అలవాట్లను గుర్తింపనిదే అకాల మరణములను తగ్గించుట సాధ్యము కాదని వివరించుటయే మా ఉద్దేశము.

ఈ దృష్టితో మరణములను లెక్కించిన వారిలో మెక్‌గిన్నిస్, ఫేగీ అను అమెరికా వైద్యులు ముఖ్యులు. వీరిలో ఫేగీ మన దేశమున మశూచి నిర్మూలనకు కూడ పాటుపడినవాడు. 1990లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో సంభవించిన సుమారు 21 లక్షల 48 వేల మరణములను వారు పరిశీలించి, 1993లో తమ నిర్ణయములను ప్రకటించిరి. పొగాకు వలన 4 లక్షలు, ఆహారపు అలవాట్లు, వ్యాయామలోపముల వలన 3 లక్షలు, మద్యము వలన ఒక లక్ష మరణములు కలిగినట్లు వారు అంచనా వేసిరి. వారు పేర్కొన్న తొమ్మిది కారణములే మొత్తము మరణములలో దాదాపు సగమునకు మూలములు. ఇక ప్రపంచమంతటి విషయమునకు వచ్చినచో, 2019లో మద్యము వలన 26 లక్షల మంది మరణించిరని, వారిలో 20 లక్షల మంది పురుషులేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మద్యము శరీరమున చేయు పని ఎట్టిది? ఆల్కహాలును విచ్ఛిన్నము చేయు భారము అధికముగా కాలేయముపై పడును. ఆ క్రియలో ఎసిటాల్డిహైడు అను విషపదార్థము పుట్టును. మొదటి దశలో కాలేయమున క్రొవ్వు పేరుకొనును. అప్పుడు నొప్పి యుండదు కావున, త్రాగువాడు తనకేమియు కాలేదని తలచును. ఆ దశలోనే మానినచో కాలేయము చాలవరకు కోలుకొనును. మానక కొనసాగించినచో వాపు కలిగి, కణజాలము గట్టిపడి, సిర్రోసిస్ అను స్థితి ఏర్పడును. కామెర్లు, పొట్టలో నీరు చేరుట, రక్తపు వాంతులు కనిపించునాటికి కాలము మించిపోవును. అంతియేకాక, అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయములను క్యాన్సరు కలిగించువాటిలో చేర్చినది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయములకు ఈ ప్రమాదము కలదు. రహదారి ప్రమాదములు వేరు. వాహనము నడుపువాని 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండరాదని మన చట్టము శాసించుచున్నది.

పొగాకు సంగతియు ఇట్టిదే. ధూమపానమునకు, ఊపిరితిత్తుల క్యాన్సరుకు గల సంబంధమును 1950లో డాల్, హిల్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మన ఉత్తర కోస్తా జిల్లాలలో, విశేషించి శ్రీకాకుళము ప్రాంతమున, కొందరు స్త్రీలు నిప్పున్న కొనను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చుట కలదు. దీనినే అడ్డపొగ అందురు. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగులుటచే, ఇతర ప్రాంతములలో అరుదైన అంగిలి క్యాన్సరు వారిలో అధికముగా కనిపించినది. వ్యాధి తలవ్రాత వలన రాలేదు; అలవాటు ఎచ్చట తగిలినదో అచ్చటనే పుట్టినది. అయినను నిరాశకు తావు లేదు. సిగరెట్లు మానిన ఒక సంవత్సరమునకే, మాననివారితో పోల్చినచో గుండెజబ్బు ప్రమాదము సుమారు సగమునకు తగ్గును.

అయితే ఈ దోషమంతయు వ్యక్తిదేనా? కాదని మా అభిప్రాయము. వీధి చివరనే దుకాణము, మిత్రుల బలవంతము, కూలి అలసట కూడ అలవాటును పెంచును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్ళిన స్త్రీలు ఈ విషయమును గ్రహించిరి. తమ భర్తలను మందలించుటతో తృప్తిపడక, వారు సారా దుకాణమునే మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చినది; 1997లో సడలింపబడినది. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను మద్యము విక్రయింపబడుచున్నది. శాసనములు వచ్చును, పోవును. దూబగుంట స్త్రీలకు అక్షరముతోపాటు కలిగిన వివేకము మాత్రము ఏ శాసనముతోను రద్దు కాదు.

సంపాదించువాడు అకాలమున మరణించిన ఇంట మొదట ఆగిపోవునది పిల్లల చదువు. మన కళాశాలలో అట్టి ఇండ్లనుండి వచ్చినవారు లేరని ఎవరు చెప్పగలరు? కనుక విద్యార్థులమైన మనము మొదటి గ్రుక్కను, మొదటి సిగరెట్టును నిరాకరించుటకు సిగ్గుపడరాదు. ఇంట పెద్దలకు ఈ అలవాటున్నచో, నిందింపక, నొప్పి లేని దశలోనే వైద్యుని కడకు తోడ్కొనిపోవుట మన ధర్మము. మరణము ఎవరికిని తప్పదు. కాని అరువది ఏండ్లకు చేరవలసిన తండ్రిని నలువది అయిదవ యేట పోగొట్టుకొనుట మాత్రము తప్పించుకొనదగినదే.