కొత్త చేతికి పందెపు గుర్రం తగునా?

ఉద్యోగం పురుషలక్షణం అన్నారు మన పెద్దలు. ఈ కాలపు కుర్రకారు ఆ ఉద్యోగం ఇంకా రాకముందే మోటారు సైకిలును ఆ స్థానంలో కూర్చోబెట్టారు. ఏ కళాశాల స్టాండులోకి తొంగి చూసినా నాలుగు పాత బండ్ల మధ్య ఒక స్పోర్ట్స్ బండి మెరుస్తూ ఉంటుంది. దాని చుట్టూ పదిమంది మిత్రులు చేరి ఉంటారు. ఆ పదిమందిలో కనీసం ఇద్దరి మనస్సులో "నాకూ ఇలాంటిదే కావాలి, మొదటి బండే ఇది కావాలి" అన్న కోరిక మొలకెత్తి ఉంటుంది.

ఈ కోరికకు ఇంట్లో వచ్చే జవాబు సాధారణంగా "అమ్మో, వద్దు!" అని. బయట స్నేహితుల నుండి వచ్చేది "డబ్బుంటే కొనుక్కోరా, దానిదేముంది!" అని. ఈ రెండింటిలోనూ కారణం మాత్రం కనపడదు. మనం సైన్సు చదువుకుంటున్నవాళ్ళం. కాబట్టి భయాన్నీ, వ్యామోహాన్నీ కాసేపు పక్కన పెట్టి, మనకు తెలిసిన బలం, వేగం, ఘర్షణ అనే నాలుగు సూత్రాలతోనే ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మధ్యతరహా అంటే ఏది?

ముందు ఈ మాట తేల్చుకోవాలి. పాశ్చాత్య దేశాల్లో మధ్యతరహా స్పోర్ట్స్ మోటారు సైకిలు అంటే 600 సి.సి. ప్రాంతంలోది. కవాసాకీ జెడ్‌ఎక్స్-6ఆర్ దీనికి ఉదాహరణ. 636 సి.సి. ఇంజను, 120 గుర్రాల పైచిలుకు శక్తి. కొత్తవాడికి ఇది తగునా అన్న చర్చే అనవసరం. తగదు, అంతే.

మన దేశంలో ఈ మాటకు అర్థం 300 నుండి 400 సి.సి. వరకు. 2013లో వచ్చిన కవాసాకీ నింజా 300, 2014లో వచ్చిన కె.టి.ఎం. ఆర్.సి. 390, 2015లో వచ్చిన యమహా ఆర్3, 2017 డిసెంబరులో వచ్చిన టి.వి.ఎస్. అపాచీ ఆర్.ఆర్. 310 ఈ కోవకు చెందినవి. వీటి శక్తి 34 నుండి 43 గుర్రాల దాకా ఉంది. మన చర్చంతా వీటి గురించే.

మన కళాశాల పూర్వ విద్యార్థులకు మాత్రం ఈ మాట వినగానే ఇంకొక బండి గుర్తుకు రావచ్చు. 1983లో ఎస్కార్ట్స్ వారు తయారుచేసిన రాజ్‌దూత్ 350 అది. యమహా ఆర్.డి. 350 అసలు రూపం. 347 సి.సి., రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను, 30.5 గుర్రాల శక్తి. మన దేశపు నమూనాలో ముందు చక్రానికి డిస్క్ బ్రేకు తీసేసి డ్రమ్ము బ్రేకు పెట్టారు. పరుగెత్తే శక్తి ఉంచి ఆపే శక్తి తగ్గించారన్నమాట. ఆర్.డి. అంటే ర్యాపిడ్ డెత్ అని ఆనాటి కుర్రవాళ్ళు విపరీతార్థం చెప్పుకున్నారంటే చెప్పుకోరా మరి!

సి.సి. ఒక్కటే చూస్తే చాలదు

"మా బాబాయి 350 సి.సి. బుల్లెట్టు నడుపుతాడు, నేను 300 నడిపితే తప్పేమిటి?" అని మన మిత్రులు వాదిస్తారు. వినటానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 గరిష్ఠ టార్కు 27 న్యూటన్ మీటర్లు. నింజా 300ది కూడా సుమారు 27. కాని క్లాసిక్ శక్తి సుమారు 20 గుర్రాలు, నింజా శక్తి 39. టార్కు ఒక్కటే అయినప్పుడు శక్తి రెట్టింపు ఎలా అయింది? శక్తి అంటే టార్కును కోణీయ వేగంతో గుణించగా వచ్చేది. క్లాసిక్ తన 27 న్యూటన్ మీటర్లను నిమిషానికి 4,000 చుట్ల దగ్గర ఇస్తుంది. నింజా అదే టార్కును 10,000 చుట్ల దగ్గర ఇస్తుంది. గుట్టంతా ఇక్కడుంది.

దీని ఫలితం ఏమిటంటే, స్పోర్ట్స్ ఇంజను తక్కువ చుట్ల దగ్గర పిల్లిలాగా ఉంటుంది. ఊళ్ళో నడుపుతుంటే "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద గేరు మార్చకుండా యాక్సిలరేటరు తిప్పితే ముల్లు ఏడు, ఎనిమిది వేలు దాటుతుంది. అప్పుడు పిల్లి కాస్తా పులి అవుతుంది. ఈ బండ్లు నిశ్చలస్థితి నుండి ఆరేడు సెకన్లలో గంటకు 100 కి.మీ. వేగం అందుకుంటాయి. కొత్తవాడి మనస్సు ఆ వేగాన్ని గ్రహించేలోపు బండి ఆ వేగంలో ఉంటుంది.

మనలో చాలామంది చెయ్యి తిరిగింది హీరో స్ప్లెండర్ వంటి బండి మీద. దాని శక్తి 8 గుర్రాలు, బరువు 112 కిలోలు. 60 కిలోల మనిషి ఎక్కితే ఒక్కొక్క గుర్రం 21 కిలోలకు పైగా లాగాలి. 179 కిలోల నింజా మీద అదే మనిషి ఎక్కితే ఒక్కొక్క గుర్రం వాటాకు వచ్చేది 6 కిలోలే. స్ప్లెండర్ మీద సంపాదించిన అనుభవం పనికిరానిదని కాదు. కాని మణికట్టు అదే అలవాటుతో తిరిగితే వచ్చే ఫలితం మూడున్నర రెట్లు ఉంటుంది.

పరుగులో కాదు, ఆగటంలో ఉంది విద్య

వేగం పెరిగితే గతిజశక్తి వేగవర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. గంటకు 60 నుండి 100 కి.మీ.లకు వెళ్తే వేగం రెట్టింపైనా కాలేదు. గతిజశక్తి మాత్రం 2.8 రెట్లు అయింది. ఆ శక్తినంతా బ్రేకులూ, టైర్లూ వేడి రూపంలో ఖర్చు చెయ్యాలి. చెయ్యలేకపోతే ఆ మిగిలినది మన ఎముకలు ఖర్చు చేస్తాయి.

ఎదుట ఒక గేదె అడ్డం వచ్చిందనుకోండి. కన్ను చూసి, చెయ్యి బ్రేకు అందుకోవటానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 100 కి.మీ. అంటే ఆ ఒక్క సెకనులోనే బండి 28 మీటర్లు పోతుంది. తరువాత పొడి తారురోడ్డు మీద రెండు బ్రేకులూ చక్కగా వాడే నేర్పరి సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గించగలడని లెక్క వేస్తే, ఇంకొక 55 మీటర్లలో ఆగుతాడు. మొత్తం 83 మీటర్లు. అదే 60 కి.మీ. వేగంలో అయితే మొత్తం 37 మీటర్లు చాలు.

ఇక కొత్తవాడి సంగతి. మనలో చాలామందికి "ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతావు" అని నేర్పారు. కాబట్టి వాడు వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతాడు. బ్రేకు వెయ్యగానే బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి ఘర్షణ తక్కువ. అందుచేత వెనక బ్రేకుతో వచ్చే నిరోధం రెండు బ్రేకులతో వచ్చేదానిలో సగం కూడా ఉండటం కష్టం. సగమే ఉందనుకున్నా, నేర్పరి పూర్తిగా ఆగిపోయిన ఆ 83వ మీటరు దగ్గర ఈ కొత్తవాడి వేగం ఇంకా గంటకు 70 కి.మీ. ఉంటుంది! బండి అదే, రోడ్డు అదే, గేదె కూడా అదే. ఒకడు గేదెను తిట్టి ఇంటికి పోతాడు. రెండవవాడి గురించి ఇంటికి కబురు పోతుంది.

మలుపులో లెక్క

మలుపులో బండి ఎందుకు వాలుతుందో మనకు తెలుసు. వాలు కోణపు టాంజెంట్ విలువ వేగవర్గాన్ని మలుపు వ్యాసార్ధంతోనూ, గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే వస్తుంది. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును 60 కి.మీ. వేగంతో తిరిగితే బండి సుమారు 30 డిగ్రీలు వాలాలి. అదే మలుపును 80 కి.మీ.తో తిరిగితే 45 డిగ్రీలు వాలాలి. అంత వాలుకు టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 1 ఉండాలి. మంచి టైర్లకు శుభ్రమైన తారు మీద మాత్రమే అంతటి పట్టు దొరుకుతుంది. ఇసుక ఉంటే దొరకదు.

ఇంకొక చిత్రమైన సంగతి. వేగంగా పోయే మోటారు సైకిలు కుడివైపు తిరగాలంటే కుడి హ్యాండిలును ముందుకు నెట్టాలి. సైకిలు తొక్కే రోజుల నుండీ ఈ పని మనం తెలియకుండానే చేస్తున్నాం. కాని ప్రమాదం ఎదురైనప్పుడు, తెలియకుండా చేసే పని చేతికి అందదు. కొత్తవాడు బిగుసుకుపోయి, దేన్ని తప్పించుకోవాలో దాన్నే చూస్తూ ఉంటాడు. కన్ను ఎటు చూస్తే బండి అటే పోతుంది. పైగా స్పోర్ట్స్ బండి హ్యాండిల్ క్రిందికి ఉంటుంది, నడిపేవాడు ముందుకు వంగి కూర్చోవాలి. ఒంటి బరువు మణికట్ల మీద పడితే యాక్సిలరేటరు మీద సున్నితమైన అదుపు ఉండదు. గుంతలో పడ్డప్పుడల్లా చెయ్యి అదిరి బండి ముందుకు దూకుతుంది.

మన రోడ్ల మాటేమిటి?

ఈ బండ్ల ఆకృతి పందెపు మైదానం నుండి వచ్చింది. అక్కడ ఎదురు బండి రాదు, కుక్క అడ్డం పడదు. మన పల్లె రోడ్ల సంగతి నాబోటి రైతు బిడ్డలకు చెప్పక్కర్లేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి. వాటి చుట్టూ హద్దుగా రాళ్ళు పేరుస్తారు, చీకటి పడ్డాక ఆ రాళ్ళు కనపడవు. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల నుండి రాలిన బురద మొదటి చినుకు పడగానే సబ్బులాగా తయారవుతుంది. రంగు వెయ్యని స్పీడు బ్రేకరు ఊరికొకటి తప్పదు.

పట్నం రోడ్లు మెరుగు అనుకోవటానికి లేదు. 2021 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర సినీనటుడు సాయిధరమ్ తేజ్ మోటారు సైకిలు జారి పడి తీవ్రంగా గాయపడ్డారు. రోడ్డు మీద ఇసుక ఉంది. ఆయన తలకు హెల్మెట్ ఉంది. ఈ రెండు వాక్యాలూ మనం గుర్తుపెట్టుకోదగినవి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే.

ఇతర దేశాల వాళ్ళు ఏం చేస్తున్నారు?

ఐరోపా దేశాల్లో 2013 నుండి లైసెన్సు మెట్లు మెట్లుగా ఉంది. మొదటి మెట్టు 125 సి.సి., 11 కిలోవాట్లు. రెండవ మెట్టు 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 గుర్రాలు. ఆ పైన ఏ బండైనా సరే. మనం చర్చించే బండ్లు రెండవ మెట్టులోకి వస్తాయి.

జపానులో 1975 నుండి 400 సి.సి. దగ్గర ఒక గీత గీశారు. ఆ లోపు బండ్లకు పదహారేళ్ళకే లైసెన్సు ఇస్తారు. కాని పరీక్ష చూడండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు గల మెట్టు మీద బండిని పడకుండా, 7 సెకన్లకు తక్కువ కాకుండా నెమ్మదిగా నడపాలి. వేగంగా పోవటం ఎవరికైనా వస్తుంది, నెమ్మదిగా పోవటమే విద్య అని వాళ్ళు గ్రహించారు.

మన చట్టంలో గేర్లున్న మోటారు సైకిలుకు ఒక్కటే లైసెన్సు. పద్దెనిమిదేళ్ళు నిండి 100 సి.సి. బండి మీద ఎనిమిది అంకె వేసి చూపినవాడు, చట్టం దృష్టిలో మర్నాడే 1000 సి.సి. బండి ఎక్కవచ్చు. చట్టం గీయని గీత మనమే గీసుకోవాలి.

రెండవ పక్షం వాదన

న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. ఈ బండ్ల బ్రేకులూ, టైర్లూ, చట్రమూ చిన్న బండ్లకన్నా ఎంతో మేలైనవి. చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఎ.బి.ఎస్. 125 సి.సి. దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి. నిదానస్తుడి చేతిలో 390 సి.సి. బండి, దుడుకువాడి చేతిలో 100 సి.సి. బండికన్నా క్షేమం. ఇవన్నీ నిజాలే. ఐతే మామూలు ఎ.బి.ఎస్. తిన్నగా పోయేటప్పుడు కాపాడినట్లు మలుపులో వాలి ఉన్నప్పుడు కాపాడలేదు. నిదానం అనేది ఇరవయ్యేళ్ళ వయస్సులో, వెనక సీటులో స్నేహితుడు "ఇంకాస్త!" అంటున్నప్పుడు, ఎంతసేపు నిలుస్తుందో మనకు మనమే చెప్పుకోవాలి.

మరి ఏం చెయ్యాలి?

మా ఊళ్ళో కొత్త కోడెను కాడికి కట్టేటప్పుడు మరొక కొత్త కోడెతో జత కట్టరు. ముదురు ఎద్దు పక్కన కడతారు. పాతది నడిచే తీరు చూసి కొత్తది నేర్చుకుంటుంది. కొత్త చెయ్యీ, కొత్త బండీ రెండూ దుడుకువైతే నేర్పేవాడెవడు? అందుచేత నా అభిప్రాయం ఇది. మధ్యతరహా స్పోర్ట్స్ మోటారు సైకిలు మొదటి బండిగా తగదు. రెండవ బండిగా తగును. మొదటి ఏడాది 125 నుండి 160 సి.సి. లోపు బండి మీద ఒక వానాకాలమూ, ఒక కోతల కాలమూ గడపాలి.

ఆ ఏడాదిలో చెయ్యవలసినవి ఇవి. తెల్లవారుజామున ఖాళీ మైదానంలో 30, తరువాత 40, తరువాత 50 కి.మీ. వేగం నుండి రెండు బ్రేకులూ కలిపి, ముందు బ్రేకును గుప్పున కాక పిండినట్లు నొక్కి ఆపటం అలవాటు చేసుకోవాలి. నడిచే మనిషి వేగంతో ఎనిమిది అంకె వెయ్యాలి. మలుపుకు ముందే వేగం తగ్గించి, చూపు మలుపు చివర నిలపాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్‌ను పట్టీ బిగించి పెట్టుకోవాలి. వెనక కూర్చున్నవాడికీ హెల్మెట్ ఉండాలి. చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు ఉంటే ఇంకా మంచిది.

చివరిగా ఒక మాట. ఈ బండ్ల ధర మూడు లక్షలకు అటూ ఇటూ మొదలవుతుంది. మాబోటి ఇళ్ళలో ఆ డబ్బు ఏ పంట మీదనో, అమ్మ గొలుసు తాకట్టు మీదనో రావాలి. కొడుకు అడిగితే కాదనలేక తెచ్చి ఇచ్చే తండ్రులు ఉన్నారు. ఆ తండ్రి పొలం నుండి వచ్చి, అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద బండి చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటాడు. పందెపు గుర్రాన్ని ఎక్కాలనుకోవటం తప్పు కాదు మిత్రులారా, ఆ చప్పుడు ప్రతి సాయంత్రమూ ఆయనకు వినిపించేటట్లు ముందు స్వారీ నేర్చుకుందాం.