భూసార దత్తాంశాల అన్వేషణలో అంచు విలువలు, ఖాళీ గడులు

లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల కంటె తక్కువైతే ‘తక్కువ’ అనీ, 280 నుండి 560 వరకు ‘మధ్యస్థం’ అనీ వర్గీకరించడం మన దేశంలో స్థిరపడిన పద్ధతి. ఒక పొలంలో 279, దాని ప్రక్క పొలంలో 281 నమోదయ్యాయనుకుందాం. నత్రజని తక్కువగా గల పొలాలను చూపమని డేటాబేసును అడిగితే మొదటిది జాబితాలోకి వస్తుంది, రెండవది రాదు. మట్టి నమూనా సేకరణలోను, విశ్లేషణలోను సహజంగా వచ్చే తేడా ఈ రెండు కిలోలకు మించినదే. అయినా ఎరువుల సిఫారసు ఆ జాబితా ప్రకారమే సాగుతుంది.

ఖాళీ గడుల చిక్కు ఇంతకంటె లోతైనది. 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకం 12 అంశాలను పరీక్షించాలని నిర్దేశించింది. సూక్ష్మ పోషకాలను కొలిచే పరికరం పనిచేయనపుడు జింకు గడి ఖాళీగా మిగులుతుంది. ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా ఆధారంగా రూపొందిన ఎస్‌క్యూఎల్ భాషలో దీనిని ‘నల్’ అంటారు. జింకు 0.6 పి.పి.యం. కంటె తక్కువగా ఉన్న పొలాలను అడిగితే నల్ గల పొలం రాదు, 0.6, అంతకంటె ఎక్కువ ఉన్న పొలాలను అడిగినా రాదు. ఆ పోలికకు ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’. ‘నిజం’ అని తేలిన వరుసలను మాత్రమే ఎస్‌క్యూఎల్ అందిస్తుంది. ఖాళీలో సున్నా నింపితే ఆ పొలం తీవ్ర లోపం గలదిగా కనిపిస్తుంది. సగటు నింపితే కొలవని విలువ కొలిచిన విలువగా చెలామణీ అవుతుంది. రెండింటిలో ఇదే ఎక్కువ హానికరం. సున్నాను చూసి ఎవరైనా అనుమానిస్తారు, సగటును ఎవరూ అనుమానించరు.

అంచు సమస్యకు లోట్‌ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన ఫజీ సమితులు దారి చూపుతాయి. ‘తక్కువ నత్రజని’ అనే భావనకు 250 కిలోల వరకు సభ్యత్వ విలువ 1 అనీ, 310 వద్ద 0 అనీ, నడుమ క్రమంగా తగ్గుతుందనీ నిర్ణయిస్తే, 279కి 0.52, 281కి 0.48 వస్తాయి. రెండు పొలాలూ జాబితాలో ఒకదాని వెంట ఒకటి నిలుస్తాయి. ఈ 0.52 సంభావ్యత కాదు; ‘తక్కువ’ అన్న మాట ఆ పొలానికి ఎంతవరకు వర్తిస్తుందో తెలిపే కొలత మాత్రమే. ఈ హద్దులను ఊహించి కాక, ఆ నేలలో ఎరువుకు పైరు స్పందించిన తీరును బట్టి నిర్ణయించాలి. ఫ్రెంచి పరిశోధకులు బాస్క్, పివెర్ 1995లో వెలువరించిన ఎస్‌క్యూఎల్‌ఎఫ్ ఇటువంటి ప్రశ్నల కోసం రూపొందినదే.

రెండు షరతులను ‘మరియు’తో కలిపితే సభ్యత్వాలలో కనిష్ఠాన్ని, ‘లేదా’తో కలిపితే గరిష్ఠాన్ని తీసుకోవడం సాధారణం. ఇక్కడ విద్యార్థులు లీబిగ్ కనిష్ఠ సూత్రాన్ని తలచుకొని పొరబడే అవకాశం ఉంది. పైరును అడ్డగించేది అన్నిటికంటె తీవ్రమైన లోపం. కనుక ఆ సూత్రానికి సరిపోయేది ‘నత్రజని తక్కువ లేదా జింకు తక్కువ’ అనే ప్రశ్న, అంటే లోప సభ్యత్వాలలో గరిష్ఠం.

ఖాళీ గడులకు మాత్రం ఒక్క అంకె చాలదు. ప్రాడ్, టెస్ట్‌మాల్ 1984లో అసంపూర్ణ సమాచారం గల డేటాబేసులకు సాధ్యత, నిశ్చయత అనే రెండు కొలతలను అన్వయించారు. జింకు లోపానికి 0.5 వరకు 1, 0.7 వద్ద 0 అనుకుందాం. ఒక పొలంలో జింకు కొలవలేదు. కాని అదే రకం నేలలో వరి పండించే ఇరుగుపొరుగు పొలాలను బట్టి 0.4, 0.6 మధ్య ఉంటుందని శాస్త్రవేత్త అంచనా. అపుడు లోపం ఉండే సాధ్యత 1, నిశ్చయత 0.5. ఏ ఆధారమూ లేని పొలానికి సాధ్యత 1, నిశ్చయత 0. నిశ్చయత అధికంగా ఉన్న పొలాలకు జింక్ సల్ఫేట్ సిఫారసు చేయవచ్చు. సాధ్యత మాత్రమే ఉన్నవాటికి ఎరువు కాదు, మళ్ళీ మట్టి నమూనా కావాలి. మామూలు క్వెరీలో కనుమరుగయ్యేవి సరిగ్గా ఈ పొలాలే.

ఖాళీలన్నీ ఒకటి కావు. పరీక్షించనిది, నమూనా పోయినది, పరికరం గుర్తించగల స్థాయికి లోపే ఉన్నది వేరువేరు. చివరిది నిజానికి ఖాళీయే కాదు, అది లోపానికి బలమైన సాక్ష్యం. వీటిని వేరుగా నమోదు చేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. పట్టికలో కనిష్ఠ, గరిష్ఠ విలువలకు రెండు నిలువు వరుసలు, ఖాళీకి కారణం తెలిపే మరొక వరుస చేర్చితే చాలు; సభ్యత్వ గణనను ఎస్‌క్యూఎల్‌లోని మామూలు ‘కేస్’ వాక్యమే నిర్వహిస్తుంది.