గురక నడుమ నిశ్శబ్దము

గురక యనగానే మనకు నవ్వు వచ్చును. పెండ్లివారి విడిదిలో పదిమంది నడుమ పండుకొని గురకపెట్టినవాడు మరునాడు అందరి నోళ్లలోను నానును. కుంభకర్ణుడని పేరు పెట్టుదురు. అతడును వారితో కలిసి నవ్వును. పదేండ్లు నేనును అట్లే నవ్వినవాడను.

మా వృత్తిలో నిశ్శబ్దము నేరము. ప్రసారము నడుచుచుండగా 10 సెకనులు ధ్వని లేకున్నచో, శ్రోత రేడియో చెడినదేమో యని మీట త్రిప్పి చూచును. డ్యూటీ ఆఫీసరు ఆ సంగతి పుస్తకములో వ్రాయును. ఇరువదియేండ్లు ఆ భయముతో పనిచేసిన నాకు, నా నిద్రలో రాత్రికి ఎన్ని నిశ్శబ్దములు దొర్లుచున్నవో తెలియలేదు. తెలిసినది నా భార్యకు. ఒకనాడు కాఫీ యిచ్చుచు, “మీ గురకతో నాకు ఇబ్బంది లేదండీ. అది ఆగినప్పుడే భయం. మళ్లీ ఊపిరి వచ్చేదాకా లేచి కూర్చుంటున్నాను” అన్నది. ఎన్నాళ్లనుండి యని అడిగితిని. రెండేండ్లనుండి అన్నది.

నేను నమ్మలేదు. ఆ రాత్రి సెల్‌ఫోను తలగడ ప్రక్కన నుంచి నా నిద్రను రికార్డు చేసితిని. మరునాడు హెడ్‌ఫోను తగిలించుకొని, స్టాప్‌వాచి చేతబట్టి వింటిని. గురక అంతకంతకు హెచ్చి, కత్తితో కోసినట్లు ఆగినది. 10 సెకనులు, 20, 30. ముప్పదినాలుగవ సెకనున, నీట మునిగినవాడు పైకి తేలినట్లు ఒక పెద్ద ఎగశ్వాస. మరల గురక. గంటసేపటిలో ఇట్టివి ఇరువదికి పైగా లెక్కించి, తక్కినది వినలేక ఆపివేసితిని.

అంతకు ముందే సూచనలు లేకపోలేదు. లేవగానే తలనొప్పి, నోరు పిడచగట్టుట, రాత్రి రెండు మూడు మారులు మూత్రమునకు లేచుట, పరిచితుల పేర్లు నోటికి రాకపోవుట. రక్తపుపోటుకు ఒక మాత్ర చాలక రెండవది, మూడవది చేరినది. వేకువ డ్యూటీలో ఒకసారి ఢిల్లీ వార్తల రిలే సాగుచుండగా కునుకు పట్టి, అది ముగిసిన సంగతి ఎరుగనైతిని. ప్రక్కగదిలోని ఇంజనీరు అద్దము తట్టి లేపెను. నాలుగింటికి లేచు ఉద్యోగము వలన నిద్ర చాలుట లేదని సర్దిచెప్పుకొంటిని. ఆ కునుకే స్కూటరు మీద పట్టియుండినచో, సర్దిచెప్పుకొనుటకు నేను మిగిలియుండను.

దీనికి వైద్యులు పెట్టిన పేరు స్లీప్ ఏప్నియా. నిద్రలో ఊపిరి ఆగుట యని అర్థము. మెలకువలో గొంతు కండరములు బిగువుగా నుండి గాలి దారిని తెరచి యుంచును. నిద్రలో ఆ బిగువు సడలును. నాలుక వెనుకకు జారును, మెత్తని అంగిలి క్రుంగును. దారి ఇరుకైనచో గాలి వానిని అదలించుచు పోవును, అదియే గురక. దారి పూర్తిగా మూసికొన్నచో శబ్దమే యుండదు. రొమ్ము ఎగసిపడుచునే యుండును గాని గాలి లోనికి పోదు. రక్తములో ఆక్సిజన్ తగ్గును. అప్పుడు మెదడు ఉలికిపడి కండరములను లేపును. ఆ మెలకువ క్షణికము కనుక తెల్లవారి జ్ఞాపకముండదు. ఈ రోగములోని చిక్కు ఇదియే: రోగి ఒకడు, సాక్షి మరియొకరు. ఒంటరిగా పండుకొనువానికి సాక్షియు లేడు.

ఊపిరి 10 సెకనులకు తక్కువ కాకుండ ఆగుటలను, బాగుగా సన్నగిల్లుటలను కలిపి గంటకు ఎన్ని యని లెక్కింతురు. 5 లోపైనచో దోషము లేదు. 15 వరకు స్వల్పము, 30 వరకు మధ్యమము, ఆపైన తీవ్రము. ఒక రాత్రి తలకు, రొమ్మునకు తీగలు తగిలించుకొని ఆసుపత్రిలో నిద్రించితిని. నాకు వచ్చిన సంఖ్య 41. చిన్న పరికరముతో ఇంటియందే చేయు పరీక్షయు గలదు. మెడ లావైనవారికి ఇది ఎక్కువే గాని, క్రింది దవడ చిన్నదైన బక్కపలుచనివారికిని వచ్చును. ముట్లుడిగిన స్త్రీలలో హెచ్చును. వారు గురకకంటె అలసటను, నిద్రలేమిని చెప్పుకొందురు కనుక తరచు ఎవరి దృష్టికిని రాదు.

2022 ఫిబ్రవరి 15న ముంబయిలో బప్పీ లహిరి మరణించినప్పుడు వైద్యులు ఈ రోగమునే కారణముగా చెప్పిరి. 1986 నాటి ‘సింహాసనం’ పాటలు స్వరపరచినవాడు ఆయనయే. ఆ పాటలను ఎన్నిమారులు వినిపించితినో లెక్కలేదు. ఆ రోగము నాలోనే యున్నదని అప్పుడు తోచలేదు.

మెలకువలోని మనిషి కునుకును డికెన్సు 1836లో ఆరంభించిన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో జో అను కుర్రవానియందు చూపెను. నిద్రలో ఊపిరి ఆగుటను ఫ్రాన్సు, జర్మనీ శాస్త్రజ్ఞులు 1965లో వేర్వేరుగా నమోదు చేసిరి. అటుపిమ్మట కొంతకాలము తీవ్ర రోగులకు గొంతునకు రంధ్రము చేయుటయే దిక్కు. 1981లో సిడ్నీ వైద్యుడు కొలిన్ సలివన్ వాక్యూమ్ క్లీనరు మోటారుతో ముక్కునుండి గాలిని లోనికి నెట్టి, ఐదుగురు రోగుల గొంతులను రాత్రియంతయు తెరచి యుంచగలిగెను. నేటి సీపాప్ యంత్రము దాని సంతతియే. అది ఆక్సిజన్ ఇచ్చునది కాదు. మామూలు గాలినే కొంచెము ఒత్తిడితో పంపును. ఆ ఒత్తిడి గొంతు మూసికొనకుండ లోపలినుండి గుంజవలె నిలుచును.

చెప్పుట సులభము, ముఖమునకు తగిలించుకొని నిద్రించుట వేరు. మొదటి వారము నాకు ఊపిరాడనట్లే యుండెను. మా చిన్నవాడు “నాన్నకు తొండం వచ్చింది” అని ఇల్లంతయు చాటెను. మూడవనాటి రాత్రి మాస్కు పీకి గోడకు కొట్టితిని. తరువాత వైద్యుని సలహాపై, సాయంకాలము పత్రిక చదువుచు అరగంట ధరించి అలవాటు చేసికొంటిని. ముక్కు ఎండకుండ తేమపెట్టె అమర్చితిని. దానికి డిస్టిల్డ్ వాటరు కావలెను. మీసము క్రిందినుండి గాలి పోవుచుండగా, మీసము తీయనొల్లక మాస్కునే మార్చితిని. దానిని దినదినము కడుగవలెను. మాసము గడచునప్పటికి ఉదయపు తలనొప్పి పోయినది. యంత్రము రోగమును నయముచేయదు. తీసిన రాత్రి రోగము మరల ప్రత్యక్షమగును.

దీనిని సర్వరోగనివారిణిగా పొగడుట నాకిష్టము లేదు. పగటి కునుకును బాగుగా తగ్గించును, రక్తపుపోటును కొంత తగ్గించును. గుండె, మెదడు రక్తనాళముల వ్యాధి అదివరకే యున్నవారిపై జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2016లో వెలువడినవి. గుండెపోటులు, పక్షవాతములు తగ్గినట్లు అందులో తేలలేదు. ఐతే వారు యంత్రమును రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే వాడిరి.

యంత్రము సరిపడనివారికి వేరు మార్గములు కలవు. స్వల్ప, మధ్యమ దశలలో దంతవైద్యుడు చేసియిచ్చు పలక క్రింది దవడను ముందునకు నిలుపును. వెల్లకిల పండుకొన్నప్పుడే ఊపిరి ఆగువారికి ప్రక్కకు తిరిగి నిద్రించుటయే సగము మందు. బరువు పదవవంతు తగ్గినచో ఆగుటలు సుమారు నాలుగవవంతు తగ్గును. స్థూలకాయులకు టిర్జెపటైడ్ అను సూదిమందును 2024 డిసెంబరులో అమెరికా ఈ రోగమునకు అనుమతించినది. పిల్లలలో పెద్దవైన టాన్సిలులను తీసినచో తరచు కుదురును; పెద్దలకు చేయు అంగిలి శస్త్రచికిత్స ఫలితము ఒకరికొక తీరు. మద్యము, నిద్రమాత్రలు గొంతును మరింత సడలించును. నిద్ర పట్టలేదని ఈ రోగి తనంతట మాత్ర మింగుట ప్రమాదము. ఏ శస్త్రచికిత్సకు పోయినను మత్తు ఇచ్చు వైద్యునికి ఈ సంగతి ముందుగా చెప్పవలెను.

యంత్రము వచ్చిన కొత్తలో నా భార్యకు నిద్రపట్టలేదు. గురకయే వినబడనందున, నడిరేయి లేచి నా రొమ్ముపై చేయి యుంచి చూచెడిది. ఇప్పుడు నాకంటె ముందే నిద్రించుచున్నది. వేసవిలో కరెంటు పోయిన రాత్రులు మాత్రము మాకు పాత భయము తిరిగి వచ్చెడిది. అందులకే ఇన్వర్టరు కొంటిమి. ఫంకా కొరకు కొన్నామని ఇరుగుపొరుగువారు అనుకొనుచున్నారు.