ఎండలో టైరు ఎందుకు పేలుతుంది?

గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మే నెలలో పెనంలా కాలుతుంది. అక్కడ టైరు పేలితే గాలి ఎక్కువైందనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం గాలి తక్కువ కావడమే! గాలి తగ్గిన టైరు తిరిగే కొద్దీ పక్కలు నలుగుతాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచి చూడండి, వంచినచోట వేడెక్కుతుంది. టైరూ అంతే. దానికి రోడ్డు వేడి, వేగం, బరువు తోడైతే రబ్బరు పట్టు వదిలి చీలిపోతుంది. అంచులూ త్వరగా అరుగుతాయి.

ఎండకు భయపడి గాలి తగ్గించడం ప్రమాదం. కారు తలుపు దగ్గరి చీటీలోని గాలి ఒత్తిడి అంకె చల్లటి టైరుకే వర్తిస్తుంది. అందుకే పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. టైరు మీది గాడి లోతు కూడా చూడాలి, అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. ఊరికి బయల్దేరేముందు నాన్నకు గుర్తుచేయండి, స్టెప్నీలోనూ గాలి చూడమని.